తమ్ముడి కాలేయం

పరామర్శకు వచ్చేవాళ్ళంత పనికిమాలిన జనాన్ని నా జన్మలో చూడలేదు. మా చెల్లెలికి పెద్దపేగులో క్యాన్సర్ అని తెలిసిన వారం నుంచే సిరిసిల్లలో వాళ్ళింటికి రావడం మొదలుపెట్టారు. వాళ్ళది సందు లోపల ఇల్లు. రెండు వైపులా సాంచాలు ఆడుతుంటాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. అవి మొదలైతే పక్కనున్న మనిషి మాట కూడా సరిగ్గా వినపడదు. అంత మోతలోనూ వీళ్ళు గుసగుసలాడగలరు. ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు బత్తాయిలు తెచ్చి మంచం మీద పెట్టడం, కుర్చీ లాక్కుని కూర్చోవడం, చెల్లెలి మొహంలోకి నిమిషంసేపు తేరిపార చూసి, నా వైపు తిరిగి "మస్తు గుంజుకపోయింది గదా" అనడం. అది ఎదురుగా కూర్చుని వింటూనే ఉంటుంది.

ఒకావిడ ఇంకాస్త ముందుకు పోయింది. మా చెల్లెలి కూతురు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. "పిల్ల లగ్గం జల్ది చేసేయిన్రి. తల్లి కండ్ల ముంగట అయినట్టుంటది" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి నీకూ అరవై దాటినయి గదా. నీ దినాలకు వంటోళ్ళను మాట్లాడి పెట్టుకున్నవా?" అన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుని, తెచ్చిన బత్తాయిలు కూడా సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. చెల్లెలు నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో కడుపు పట్టుకుంది. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి పాపం.

నేను కోరుట్లలో ఉంటాను. ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నా భర్త పోయి చాలా ఏళ్ళయింది. నోరు మంచిది కాదని పేరు. నేను వరండాలో నడిచి వస్తుంటే పక్క గదుల్లో టీచర్లు కూడా ఫోన్లు జేబుల్లో పెట్టుకుంటారు. నిజానికి నాకు అదంటే గర్వంగానే ఉండేది. మూర్ఖత్వాన్ని చూసీ చూడనట్టు పోవడం నాకు చేతకాదు. అందులోనూ మా ఇంటివాళ్ళ మూర్ఖత్వమైతే అసలే చేతకాదు. మేం ముగ్గురం. నేను పెద్దదాన్ని, తర్వాత చెల్లెలు, ఆఖరున తమ్ముడు. మా నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన పోయాక తమ్ముడు అదే మోకు నడుముకు కట్టుకుని అవే చెట్లు ఎక్కాడు. వాడూ అమ్మా మేడిపల్లి దగ్గర మా ఊళ్ళోనే ఉంటారు. వాడు పదో తరగతి మూడుసార్లు తప్పాడు. మూడుసార్లూ జీవశాస్త్రంలో కూడా తప్పాడు. ఆ సంగతి ఇరవై ఐదేళ్ళుగా నేను వాడికి గుర్తు చేస్తూనే ఉన్నాను.

ఇక మా మరిది. చెల్లెలి భర్త. సిరిసిల్లలో అతనికి నూలు రంగుల దుకాణం ఉంది. చెల్లెలికి రక్తం పడుతుంటే ఆర్నెల్లపాటు మొలలని తేల్చేశాడు. తనకు మొలలున్నాయి కాబట్టి ఇంట్లో అందరికీ అవే వస్తాయని నమ్మకం. తన మందే దానికీ ఇచ్చాడు. చివరికి నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని జగిత్యాల తీసుకొచ్చి స్కానింగ్ చేయిస్తే విషయం బయటపడింది. హైదరాబాద్‌లో పేగు ముక్క తీసేశారు. కానీ అప్పటికే అది కాలేయానికి పాకింది. ఒకవైపైతే ఆ వైపు కోసి తీసేస్తారు. దీనికి రెండు వైపులా మచ్చలున్నాయి. కీమో మొదలుపెట్టారు. మా మరిదిని చూస్తే నాకు కడుపు మండిపోయేది. "ఆర్నెల్లు నాయనా, ఆర్నెల్లు" అని వాడి దుకాణంలో గిరాకీల ముందే అనేదాన్ని. "ఊకో వదినె, ఎవలన్న ఇంటరు" అనేవాడు. వినాలనే కదా అంటున్నాను.

ఏడాది గడిచింది. కీమోకు మచ్చలు ముడుచుకున్నాయి, పోలేదు. అప్పుడు హైదరాబాద్‌లో ఒక డాక్టరు కొత్త మాట చెప్పాడు. సన్నగా, నిద్ర సరిపోనివాడిలా ఉంటాడు. కాగితం మీద కాలేయం బొమ్మ గీశాడు. పిత్తాశయం ఎక్కడుండాలో అక్కడే పెట్టాడు. అందుకే అతని మీద గౌరవం కలిగింది. "జబ్బు కాలేయంలోనే ఆగి ఉంది. మందుకు లొంగుతోంది. ఇలాంటి కొద్దిమందికి కాలేయం మొత్తం తీసేసి వేరేది పెట్టవచ్చు. ఇది అందరికీ చేసేది కాదు. ఇంకో నాలుగు నెలలు చూస్తాం. ఈలోగా కాలేయం దాటి ఎక్కడైనా కనపడిందో, ఇక ఆ దారి లేదు" అన్నాడు. బతికున్నవాళ్ళ కాలేయంలో సగం పైచిలుకు కోసి పెడితే, ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ మళ్ళీ పెరుగుతుంది. ఆ పాఠం నేను పిల్లలకు చెబుతూనే ఉన్నాను. మా ఇంటికి అవసరం వస్తుందని అనుకోలేదు.

చెల్లెలు బయటికొచ్చాక బల్ల మీద కూర్చుని ఒకే మాట అడిగింది. "అక్కా, గిది ఐతే బిడ్డ డిగ్రీ దాక ఉంటనా?" ఉంటావన్నాను. అది ఇంకేమీ కోరలేదు.

ఇస్తే దగ్గరి రక్తసంబంధీకులో భర్తో ఇవ్వాలి. నాకు పదిహేనేళ్ళుగా షుగరు. నన్ను మొదటి పరీక్షలోనే పక్కన పెట్టారు. మా మరిదిది చూడాలి వేషం. పరీక్షకు వెళ్ళేముందు రెండు రోజులు అన్నం ముట్టలేదు. "మగోనికి కడుపు కోస్తే దుకాణంల డబ్బాలు ఎవరెత్తుతరు వదినె" అని నన్నే అడిగాడు. తీరా రక్తం గ్రూపు కలవలేదని తెలిసిన క్షణం నుంచి ఎక్కడ లేని పౌరుషం. "నా రక్తం కలిస్తేనా, నిలబడి కోయించుకుందును" అని సందంతా చెప్పుకున్నాడు. ఏడిసినట్టే ఉంది. ఆ రోజు రెండు పూటలా కడుపునిండా తిన్నాడు.

మిగిలింది తమ్ముడు. ఫోన్ చేసి చెబితే చెట్టు మీద ఉన్నాడు. దిగాక మళ్ళీ చెయ్యమంటాడేమో అనుకున్నా. "ఎంత కావాల్నో గంత కోసుకోమనక్కా. నాదెందుకు పనికస్తది గని, గిట్లన్న పనికస్తది" అన్నాడు అక్కడి నుంచే. గ్రూపు కలిసింది. డాక్టరు దగ్గర వాడు అడిగింది ఒక్కటే ప్రశ్న, మళ్ళీ చెట్టెక్కచ్చా అని. మోకు సరిగ్గా కడుపు చుట్టూ బిగుస్తుంది, కుట్లున్న కడుపుతో అది కుదరదని, చాలాకాలం దాకా కాదు, బహుశా ఎప్పటికీ కాదని డాక్టరు చెప్పాడు. వాడు కాసేపు తల గోక్కుని "సరే సార్" అన్నాడు. ఊరికి పోయి తన చెట్లన్నీ ఇంకొకాయనకు ఒప్పజెప్పాడు. నాకు నోటిదాకా మంచి మాట వచ్చింది కానీ బయటికి రాలేదు.

వాడి కాలేయానికి కొవ్వు పట్టి ఉంది. కల్లు పూర్తిగా మానాలి, బరువు తగ్గాలి, అప్పుడే పనికొస్తుందన్నారు. మా ఊళ్ళో కల్లు మానడమంటే నీళ్ళు మానినట్టే చూస్తారు. పుట్టిన పిల్లకు నాలుక మీద చుక్క వేస్తారు, జ్వరమొస్తే ఈతకల్లు తాగమంటారు. వాడు మానాడు. నాకు నమ్మకం లేదు. నాలుగు నెలలూ చెప్పాపెట్టకుండా ఊరికి వెళ్ళేదాన్ని. కోరుట్ల నుంచి ఎంతసేపు, బస్సెక్కితే దిగిపోవడమే. అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నా సరే, "నోరు తెరువురా, వాసన చూపించు" అనేదాన్ని. నలభై దాటిన మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. నలుగురి ముందూ నోరు తెరిచి నా మొహం మీద ఊపిరి వదిలేవాడు. ఒక్కసారి కూడా వాసన రాలేదు. అయినా నేను "ఊఁ" అని మాత్రమే అనేదాన్ని. తాగుబోతు తాగకుండా ఉన్నందుకు దండ వెయ్యాలా అనుకునేదాన్ని.

ఆసుపత్రిలో అక్కాతమ్ముళ్ళని రుజువు చూపమన్నారు. రేషన్ కార్డూ బడి సర్టిఫికెట్లూ చాలవట, పాత ఫోటో ఉంటే మంచిదన్నారు. ఎవరి పెళ్ళిలోనో తీసింది ఒకటి దొరికింది. చెల్లెలు చంకన వాడు ఉన్నాడు, ఒంటి మీద నూలుపోగు లేదు. మార్పిడికి అనుమతి ఇచ్చే కమిటీలో ఒక పెద్దాయన చూసి నవ్వాడు. తర్వాత వాడిని ఒంటరిగా కూర్చోబెట్టి ఎవరైనా బలవంతం పెట్టారా అని అడిగారట. "మా పెద్దక్కను చూస్తే అందరు గదే అడుగుతరు సార్. కని గిది నా ఇష్టమే" అన్నాడట. చెల్లెలు ఈ మాట చెప్పి చెప్పి నవ్వేది. నాకేమీ నవ్వు రాలేదు.

సిరిసిల్లలో సందులో వాళ్ళ తెలివితేటలు ఆ రోజుల్లో మరీ వికసించాయి. తమ్ముడి కాలేయం పెడితే దీనికి పొద్దుగూకగానే కల్లు యాదికొస్తుందా అని ఒకడు. మగవాడి ముక్క పెడితే మీసాలొస్తాయా అని ఇంకొకామె, అదీ నిజంగా కంగారుపడుతూ. "మీసాలు రావు గని, నీకు బుద్ధొచ్చే ముక్క ఏడన్న దొరికితే చెప్తా" అన్నాను. నేను వస్తున్నానని తెలిస్తే పరామర్శలు ఆగిపోయేవి. అది ఆ ఇంటికి నేను చేసిన మేలనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

నాలుగు నెలలు దాటాయి. స్కానింగ్‌లో కొత్తగా ఏమీ లేదు. తమ్ముడి కాలేయంలో కొవ్వు తగ్గింది, పది కిలోలు తగ్గాడు, బుగ్గలు లోపలికి పోయాయి. ఆపరేషన్ తారీఖు ఇచ్చారు. చెల్లెల్ని రెండు రోజుల ముందే చేర్చుకున్నారు. తమ్ముడు అమ్మతో కలిసి ఆ మర్నాడు వచ్చాడు. వాడి కళ్ళు చూశాను. తెల్లగుడ్డు పచ్చగా ఉంది. ఎండలో వచ్చాడు కదా అనుకుందామనుకున్నాను. నేనే కదా పిల్లలకు కామెర్ల లక్షణాలు బోర్డు మీద రాయించేది.

రక్తపరీక్ష రాగానే డాక్టరు కాగితం పట్టుకుని తనే వచ్చాడు. "ఈయన కాలేయం దెబ్బతింది. పోయిన పరీక్షలో బాగుంది. ఈ మధ్యలో ఏం తిన్నారు, ఏం తాగారు?" కల్లే అనుకున్నాను నేను. ఆ వార్డు నడవలో, నర్సులూ ఎవరెవరి చుట్టాలో చూస్తుండగా, వాడి చొక్కా పట్టుకుని "తాగినవారా? నిన్నే, తాగినవా?" అని అరిచాను. అమ్మ మధ్యలోకి వచ్చింది. "కల్లు కాదే. పసరు తాగిచ్చిన. నేనే తాగిచ్చిన" అంది.

వెల్గటూరు అవతల ఒకాయన కామెర్లకు పసరు పోస్తాడు. మూడు ఆదివారాలు, పొద్దు పొడవకముందు, పరగడుపున. ఉప్పూ కారం లేని పథ్యం. అమ్మ వాడిని మూడు వారాలూ తీసుకెళ్ళింది. ఎందుకు అని అడిగితే, అదేదో నాకు తెలియనిదే విడ్డూరమన్నట్టు చూసింది. "పుట్టినప్పటి సంది కల్లు తాగిన లివర్. ఆడబిడ్డకు ఇచ్చేది గట్లనే ఇస్తమా? గిన్నె ఇచ్చినా కడిగి, పసుపు పెట్టి ఇస్తం గదా. లోపట్నించి కడిగి ఇద్దామనుకున్న" అంది. డాక్టరుకు తెలుగు బాగానే వచ్చు. అయినా ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని మొహం రుద్దుకున్నాడు. ఆపరేషన్ ఆగిపోయింది.

అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయను. అమ్మను అన్నవి అసలే రాయను. డెబ్బై ఐదేళ్ళ మనిషి గోడకు ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. నాకు జాలి కలగలేదు. కడుపున పుట్టిన ఇద్దరి కడుపుల్లోనూ నిప్పు పోసిందని మాత్రమే అనిపించింది. తమ్ముడిని అదే ఆసుపత్రిలో కింది అంతస్తులో పది రోజులు ఉంచారు. చెల్లెల్ని ఇంటికి పంపారు. వాడి కాలేయం మామూలైతే మళ్ళీ తారీఖు ఇస్తామన్నారు, అందుకు రెండు మూడు నెలలు పట్టవచ్చన్నారు.

నా కోపం అంతటితో చల్లారలేదు. ఒక ఆదివారం వెల్గటూరు బస్సెక్కి ఆ పసరాయన దగ్గరికి పోయాను. పెద్ద గడ్డం, బొట్టు, మంత్రాలు ఉంటాయనుకున్నాను. బనీను వేసుకున్న బక్కమనిషి, చేతిలో స్టీలు బకెట్టు, ముందు పాతికమంది వరుసలో గ్లాసులు పట్టుకుని. నన్ను చూసి "నీకు సుత కామెర్లా అమ్మా?" అన్నాడు. వరుసలో అందరూ వినేట్టు దులిపేశాను. అతను అడ్డురాలేదు. నేను ఆగాక, "నేను కామెర్లున్నోళ్ళకే ఇస్త. మీ అవ్వ కొడుక్కు కామెర్లని చెప్పింది. మంచిగున్నోనికి నేనెందుకు పోస్త?" అన్నాడు. ఆ వరుసలో ఒక్కరు కూడా కదల్లేదు. నా మాట విని ఒక్కరూ గ్లాసు కింద పెట్టలేదు. వాళ్ళ ఖర్మ అనుకుని తిరిగి బస్సెక్కాను. దారి పొడవునా అమ్మనే తిట్టుకున్నాను.

రెండు నెలలు కాకముందే చెల్లెలికి మళ్ళీ స్కానింగ్ చేశారు. కాలేయంలోవి అలాగే ఉన్నాయి. కానీ కడుపు లోపలి పొర మీద కొత్తగా మచ్చలు కనిపించాయి. డాక్టరు ఈసారి బొమ్మ గీయలేదు. "ఇక మార్పిడి చేయలేమమ్మా. కొత్త కాలేయం పెట్టినా బయట ఉన్నది ఆగదు. మందులు వాడుతూ చూద్దాం" అన్నాడు. ఎంతకాలం అని మరిది అడిగాడు. నేను వాడి కాలు తొక్కాను. చెల్లెలు అడగలేదు. తిరుగు దారిలో కారు ఆపించి చెరుకురసం తాగింది.

నాలుగు రోజుల తర్వాత సిరిసిల్ల వెళ్ళాను. మరిది దుకాణంలో ఉన్నాడు, పిల్ల కాలేజీకి పోయింది. చెల్లెలు గడప దగ్గర చాప వేసుకుని చింతపండు పిక్కలు తీస్తోంది. నేను చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాను. అమ్మను, వాడిని, ఊరిని, పసరును. రెండు నెలలుగా అదే నా భాష. "నీ బతుకు మీద మన్ను పోసిన్రు, మొద్దు మొకాలు. ఒక్కనికన్న బుర్ర ఉన్నదా మనింట్ల" అన్నాను.

అది పిక్కలు తీయడం ఆపలేదు. "అక్కా, వాడు పసరు తాగుతున్నడని నాకెరుకే" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. సాంచాల మోతలో తప్పు విన్నానేమో అని వంగి మళ్ళీ అడిగాను.

"మొదటి ఆయితారమే ఫోన్ చేసి చెప్పిండు. ఇంటికాడ అందరికెరుకే. ఆయనకు సుత ఎరుకే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? నమ్మనోళ్ళకు చెప్తే మందు ఇరుగుతదని అవ్వ ఒట్టు పెట్టించుకున్నది. అది సరే, అది వదిలెయ్. వాడు నాకోసం చెట్టిడిసిపెట్టిండు, కల్లిడిసిపెట్టిండు. నలుగుట్ల నువ్వు నోరు తెరువుమంటే తెరిచిండు. ఇంక గిదొకటి నీ చెవిల ఎయ్యాల్నా అనిపించింది. వాని ఇజ్జత్ తీస్తవని బుగులైంది."

"నీ పానం కన్న వాని ఇజ్జత్ ఎక్కువనే నీకు?" అని అరిచాను.

"పసరు తాగితే లివర్ కరాబైతదని నాకేం తెల్సక్కా" అంది. అప్పుడు చేతిలో చింతపండు కింద పెట్టి నా వైపు చూసింది. కోపం లేదు. నన్ను చూసి కొంచెం జాలిపడుతున్నట్టు ఉంది. "మనింట్ల తెలిసింది నీకొక్కదానికే. నీకు చెప్పుడే భయం. రెండో ఆయితారం అయినంక వాడు డాక్టర్ కాడికి అచ్చినప్పుడు, నాటుమందులేమన్న తీసుకుంటున్నవా అని అడిగిండట. వాడు చెప్తందుకు నోరు తెరిచిండట. నువ్వే అడ్డమొచ్చి, మా ఇంట్ల గసొంటియి నడువయి, నేను బయాలజీ టీచర్ను అన్నవట. ఇగ వాడు నోరు మూసుకున్నడు. ఇంటికి పోయి మూడోది సుత తాగిండు."

అన్నాను. ఆ మాట నేను అన్నాను. డాక్టరు నా వైపు తిరిగి గౌరవంగా తల ఊపితే ఎంత సంబరపడ్డానో కూడా గుర్తుంది. పక్కన వాడు ఏం చేస్తున్నాడో మాత్రం చూడలేదు. ఇరవై ఐదేళ్ళుగా నేను ఉన్న గదిలో వాడు ఒక ప్రశ్నకు తనంతట తాను జవాబు చెప్పింది లేదు. ఆ రెండో ఆదివారం తర్వాత వాడిని ఒక్క వాక్యం మాట్లాడనిచ్చి ఉంటే, మూడోది ఆగేది. అక్కడికక్కడే పరీక్ష చేసేవాళ్ళు, కొన్ని రోజులు వాయిదా వేసి చూసేవాళ్ళేమో. ఏమో ఏమిటి, తప్పకుండా చూసేవాళ్ళు. నాకు తెలుసు కదా అవన్నీ. గడప మీద కూర్చున్నాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతకుముందు ఎవరి మీదా పుట్టలేదు, పసరాయన మీద కూడా పుట్టలేదు.

అలా కూర్చుని ఉండగానే నా ఫోన్ మోగింది. తమ్ముడు. జగిత్యాల ల్యాబు బయటి నుంచి చేస్తున్నాడు, వెనక బస్సుల హారన్లు. స్కానింగ్ సంగతి వాడికి ఎవరూ ఇంకా చెప్పలేదు. నేనే చెబుతానని అందరి నోళ్ళూ కట్టేశాను. "అక్కా, నార్మల్!" అని అరిచాడు. "అన్ని నార్మల్ ఉన్నయట. లివర్ మంచిగైంది. వొట్టు అక్కా, నీళ్ళు తప్ప ఏం ముట్టలే. ఇగ తారీఖు ఎప్పుడంటరో జర అడుగవా?"

నేను నోరు తెరిచాను. చెల్లెలు చెయ్యి చాపింది. "ఇటియ్యక్కా. నువ్వు చెప్పకు, నేను చెప్త" అంది. ఇచ్చేశాను. మోతకు వినపడదని స్పీకర్ పెట్టింది. "తమ్మీ, తిన్నవారా?" అని మొదలుపెట్టింది. మంచి మాటే చెబుతున్నట్టు, నెమ్మదిగా, చింతపండు పిక్కల మీద వేళ్ళు కదుపుతూ, మచ్చల గురించి చెప్పింది. ఇక ఆపరేషన్ ఉండదని చెప్పింది. నీ తప్పేం లేదురా అంది.

తర్వాత వాడి గొంతు చిన్నగా వచ్చింది. "పెద్దక్క పక్కనే ఉన్నదా?"

"ఉన్నది."

"తిడ్తదా?"

చెల్లెలు తలెత్తి నన్ను చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

"తిట్టదు తమ్మీ" అంది.

వాడు నమ్మలేదు. ఫోన్ పెట్టేశాడు.